అప్పగించినదాన్ని వదలని మనిషి: ఫాదర్ హయ్యర్



మీలో గుంటూరు, పల్నాడు, గోదావరి ప్రాంతాల లూథరన్ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు ఫాదర్ హయ్యర్ పేరు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1842 జులై 31న గుంటూరు చేరిన మిషనెరీ ఆయన. మన తాతల కాలం నుంచీ సంఘాల్లో ఆ తేదీని జ్ఞాపకం చేసుకుంటూనే ఉన్నారు. బాప్టిస్టు, సి.ఎస్.ఐ., పెంతెకొస్తు సంఘాల నుంచి వచ్చి మనతో కలిసి ఆరాధించేవాళ్లకు, ఇక్కడే పుట్టిన మన పిల్లలకు ఆ పేరు తెలియకపోవచ్చు. అయితే నేను ఈసారి చెప్పాలనుకున్నది 1842 గురించి కాదు, 1869 గురించి. ఆ ఏడాది రాజమండ్రి మిషను దాదాపుగా చేజారిపోయింది. చేజారకుండా ఆగిందంటే అందుకు ముఖ్య కారణం డెబ్బై ఆరేళ్లకు దగ్గరపడ్డ ఒక పెద్దాయన. ఆయన ఎందుకు అడ్డుపడ్డాడో తెలియాలంటే ముందు ఆయన బతుకు ఎలా నడిచిందో చూడాలి. కాస్త ఓపికగా చదవండి.

పూర్తి పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. 1793 జులై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ అనే ఊళ్లో పుట్టాడు. అప్పటికి జర్మనీ ఒకే దేశం కాదు, చిన్నచిన్న సంస్థానాలు. నెపోలియన్ సైన్యాలు ఆ ప్రాంతాన్ని ఆక్రమించుకున్న రోజులవి. చెట్టంత కొడుకు కళ్ల ముందు ఎదుగుతుంటే ఏ రాజు ఎప్పుడొచ్చి సైన్యంలోకి లాక్కుపోతాడోనని తల్లిదండ్రులు భయపడే కాలం. 1807లో, తమ ఊరి గుడిలో కన్ఫర్మేషన్ అయిన కొద్ది నెలలకే, పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి ఓడ ఎక్కించి అమెరికా పంపారు. ఫిలడెల్ఫియాలో టోపీల పని చేసే మేనమామ ఉన్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకొని బతుకుతాడని వాళ్ల ఆశ.

మనందరి కథా ఇంచుమించు ఇదే కదా. మనకంటే ముందు వచ్చిన బంధువు ఒకడు, నేర్చుకోవలసిన పని ఒకటి, అర్థంకాని భాష, ఆదివారం వస్తే మన భాషలో పాట వినబడే చోటు ఎక్కడుందోనని వెతుకులాట. మనకు హెచ్1బి ఉంది, ఆ పిల్లవాడికి మేనమామ ఉన్నాడు. అంతే తేడా. ఆ పిల్లవాడికి దొరికిన చోటు ఫిలడెల్ఫియాలోని జర్మన్ల సీయోను లూథరన్ సంఘం. అక్కడే విశ్వాసంలో ఎదిగాడు, అక్కడి పాదిరీలైన హెల్మూత్, షేఫర్ల దగ్గరే దైవశాస్త్రం చదవడం మొదలుపెట్టాడు. 1815లో తిరిగి జర్మనీ వెళ్లి గోటింగెన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదువుకున్నాడు. చదువయ్యాక అక్కడే ఉండిపోవచ్చు. ఉండలేదు. 1816లో అమెరికాకు తిరిగొచ్చాడు.

1817లో పెన్సిల్వేనియా మినిస్టీరియం ఆయనకు ప్రసంగించే అనుమతి ఇచ్చింది. మినిస్టీరియం అంటే అమెరికాలో అన్నిటికంటే పాత లూథరన్ సినడ్. 1820లో అభిషేకమిచ్చింది. ఆయనను పంపింది మాత్రం పట్నపు గుళ్లకు కాదు. ఎర్రీ, క్రాఫర్డ్ కౌంటీలు, సోమర్‌సెట్, మేరీలాండ్‌లో కంబర్లాండ్. అడవులు నరికి పొలాలు చేసుకుంటూ చెదురుమదురుగా బతికే వలసదారులు ఉండే చోట్లు. గుడి ఉండదు, బడి ఉండదు, పిల్లలకు బాప్తిస్మమిచ్చేవాడు ఏడాదికొకసారి వస్తే గొప్ప. గుర్రమెక్కి ఊరి నుంచి ఊరికి తిరుగుతూ ఉన్న పదిమందినీ పోగుచేసి సంఘం కట్టడం, ఆదివారపు బడి పెట్టడం, ఒక కాపరి దొరికితే అతనికి అప్పగించి ముందుకు పోవడం. ఇరవై ఏళ్లకు పైగా ఆయన చేసిన పని ఇదే. తరువాత ఇంకా పడమటికి, ఇల్లినాయి, ఇండియానా, మిస్సోరీల దాకా వెళ్లి చెదిరిపోయిన లూథరన్ కుటుంబాలను వెతికాడు.

పిట్స్‌బర్గ్ సంగతి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే అది సూటిగా మనకు తగిలే సంగతి. 1837లో ఆయన అక్కడికి వెళ్లేసరికి జర్మన్ కుటుంబాల్లో ఒక సమస్య ముదిరి ఉంది. పెద్దలకు జర్మన్‌లో ఆరాధన కావాలి. పిల్లలకు ఇంగ్లీషు వస్తుంది, జర్మన్ అరకొర. ఆరాధన జర్మన్‌లోనే జరగాలని పట్టుబడితే పిల్లలు వేరే సంఘాలకు పోతున్నారు. ఇంగ్లీషులోకి మారిస్తే ముసలివాళ్లు గుమ్మం దగ్గరే నిలబడిపోతారు. ఈ వాదన మీరెక్కడైనా విన్నారా? నేనైతే మన వార్షిక సమావేశాల్లో వింటూనే ఉన్నాను. హయ్యర్ ఎవరి పక్షమూ పట్టలేదు. ఇంగ్లీషులో ఆరాధించే లూథరన్ సంఘం ఒకటి స్థాపించాడు, జర్మన్ వాళ్ల కోసం మరొకటి. రెండింటికీ ప్రసంగించాడు. భాష కోసం మనుషులు కాదు, మనుషుల కోసం భాష అన్న లెక్క ఆయనది అని నాకనిపిస్తుంది. శ్రమ రెట్టింపయింది, అది వేరే మాట.

1819లో ఆయన మేరీ వెబ్ గాష్ అనే విధవరాలిని పెళ్లి చేసుకున్నాడు. పిల్లలు కలిగారు. ఆయన గుర్రం మీద ఊళ్లు తిరుగుతుంటే ఇల్లు నిలబెట్టింది ఆమే. 1839లో ఆమె చనిపోయింది. అప్పటికి ఆయనకు నలభై ఐదు దాటాయి. ఆ వయసులో ఆ కాలపు మనిషి ఒక మంచి గుడి చూసుకొని స్థిరపడతాడు. ఆయన బాల్టిమోర్ వెళ్లి సంస్కృతం, వైద్యం చదవడం మొదలుపెట్టాడు. లూథరన్లు ఇండియాకు మిషనెరీని పంపాలని ఆలోచిస్తున్న రోజులవి, ఆ పిలుపు ఆయనకే వచ్చింది.

ఆయన తొలిసారి గట్టిగా పట్టుబట్టింది ఇక్కడే. లూథరన్ల మిషను సొసైటీకి అప్పటికి డబ్బూ తక్కువే, అనుభవమూ తక్కువే. అందుకని బోస్టన్‌లోని అమెరికన్ బోర్డు ద్వారా పని నడిపించుకుందామనుకుంది. అది కాంగ్రెగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాల పెద్ద సంస్థ. ఓడలు, ఉత్తరాలు, బ్యాంకు హుండీలు అన్నీ వాళ్లకు అలవాటైన పని. మన డబ్బు వాళ్లకిస్తే మన మనిషిని వాళ్లు నడిపిస్తారు. వ్యాపారంగా చూస్తే తెలివైన ఏర్పాటే. మనమే అయితే అవుట్‌సోర్సింగ్ అని పేరుపెట్టి సంతకం చేసేవాళ్లం. హయ్యర్ ఒప్పుకోలేదు. ఒక లూథరన్ సంఘం పంపిన మనిషి ఆ సంఘానికే జవాబు చెప్పాలని ఆయన అభిప్రాయం. అందుకని వచ్చిన నియామకాన్ని వదులుకున్నాడు. ఆ బోర్డు వాళ్ల మీద ఆయనకు కోపమేమీ లేదు. ఇండియాకు ప్రయాణం చేసింది కూడా ఆ బోర్డు మిషనెరీలు ఎక్కిన ఓడలోనే. ప్రశ్న ఒక్కటే: పంపుతున్నదెవరు, ఎవరి పూచీ మీద? చివరికి ఆయన సొంత సినడ్ పెన్సిల్వేనియా మినిస్టీరియమే ముందుకొచ్చి పంపుతానంది. 1841 అక్టోబరులో బోస్టన్ రేవు నుంచి ఓడ కదిలింది. పిల్లలు అమెరికాలోనే ఉండిపోయారు. తల్లి పోయిన రెండేళ్లకే తండ్రి సముద్రం దాటిపోయాడు. మిషనెరీల జీవితాలు చెప్పేటప్పుడు మనం ఈ వాక్యాన్ని గబగబా దాటేస్తాం. ఆ పిల్లలు చెల్లించినదాన్ని లెక్కలోంచి తీసేయకూడదు.

ఐదు నెలల ప్రయాణం తరువాత సింహళంలో దిగి, అక్కడి నుంచి దక్షిణ దేశం మీదుగా మద్రాసు చేరాడు. మద్రాసు నుంచి ఉత్తరంగా వచ్చాడు. నెల్లూరులో బాప్టిస్టు మిషను అప్పటికే ఉంది, మచిలీపట్నంలో ఇంగ్లండు సంఘం వారి సి.ఎం.ఎస్. ముందటేడే పని మొదలుపెట్టింది. ఆ రెండింటికీ నడుమ గుంటూరు ఖాళీగా ఉంది. అక్కడి కలెక్టరు హెన్రీ స్టోక్స్ భక్తిపరుడు. మిషనెరీ కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాడు, తన ఖర్చుతో బడి కూడా పెట్టించాడు. హయ్యర్ రాగానే ఇల్లు చూపించాడు, బడి అప్పగించాడు, చందా రాశాడు. వచ్చిన కొద్దిరోజుల్లోనే దుబాసీ సాయంతో ఆరాధన మొదలైంది.

ఆ నాటి గుంటూరు సీమను ఒకసారి ఊహించుకోండి. 1832-33లో వచ్చిన డొక్కల కరువు ఆ జిల్లాను ఊడ్చేసి పదేళ్లు కూడా కాలేదు. లక్షకు మించి జనం చనిపోయారు. పాడుపడ్డ ఊళ్లు, దున్నేవాడు లేని చేలు. దాటొచ్చిన ఇంట్లో కూడా ఎవరో ఒకరు లేరు. నలభై తొమ్మిదేళ్ల మనిషి అక్కడ కూర్చొని ఓనమాలు దిద్దుకున్నాడు. బడులు తెరిచాడు, ఆడపిల్లలకు కూడా. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా అనుకునే కాలంలో.

1844లో వాల్టర్ గన్, ఆయన భార్య సాయంగా వచ్చారు. పని చూసుకోవడానికి మనుషులు దొరికారు, తన ఆరోగ్యమూ బాగోలేదు, 1846 నాటికి హయ్యర్ అమెరికా తిరిగెళ్లాడు. మళ్లీ బాల్టిమోర్. అక్కడ మరో సంఘం కట్టాడు. వైద్యం పూర్తిచేసి 1847లో పట్టా తీసుకున్నాడు. యాభై నాలుగేళ్లకు డాక్టరు. మనలో ముప్పై అయిదు దాటగానే ఇంకో సర్టిఫికేషన్ ఏం చదువుతాంలే అనుకునేవాళ్లున్నారు కాబట్టి ఈ అంకె రాస్తున్నాను. ఆ పట్టా పట్టుకొని 1848కి మళ్లీ గుంటూరు వచ్చాడు.

ఈసారి గుంటూరులో కూర్చోలేదు. 1849లో పడమటి దిక్కున పల్నాడుకు, గురజాలకు, మకాం మార్చాడు. రాళ్ల నేల, నిప్పులు చెరిగే ఎండ, ఏటేటా వచ్చిపడే చలిజ్వరం. పల్నాడు పౌరుషం పాటగా పాడుకునే నేల కదా, అక్కడ గుంటూరులోకంటే ఎక్కువమంది ఆయన మాట విన్నారు. ఊళ్లు తిరిగాడు, మందులిచ్చాడు, బాప్తిస్మాలిచ్చాడు. ఈలోగా 1851లో గుంటూరులో వాల్టర్ గన్ చనిపోయాడు. మనుషులు తక్కువ, పని ఎక్కువ. ఆ రోజుల మిషను చరిత్ర ఏ పుట తిప్పినా ఇదే.

ఇక రాజమండ్రి. అక్కడ పని మొదలుపెట్టింది అమెరికన్లు కాదు, ఉత్తర జర్మనీ మిషను సొసైటీ వారు, 1840ల నడుమ. 1848లో జర్మనీ అంతటా అల్లర్లు చెలరేగాయి. చందాలు ఆగిపోయాయి, మిషనెరీలకు డబ్బు అందలేదు. 1850 ప్రాంతంలో ఆ మిషనునూ అందులో ఉన్న మనుషులనూ అమెరికన్ లూథరన్లకు అప్పగించారు. అంటే రాజమండ్రి ఒకరు మోయలేక ఇంకొకరి భుజాన పెట్టిన బరువు. ఇది గుర్తుంచుకోండి. ఇరవై ఏళ్లు తిరక్కముందే అదే బరువును మళ్లీ దింపుకోవడానికి ఇంకొకరు సిద్ధపడ్డారు.

1857లో హయ్యర్ ఇండియా వదిలాడు. అరవై నాలుగేళ్లు. ఇక చాలనుకుంటే ఎవరూ కాదనరు. ఆయన మాత్రం మిన్నెసోటా వెళ్లాడు. అప్పటికి అది రాష్ట్రం కూడా కాలేదు. మళ్లీ వలసదారులు, మళ్లీ గుర్రం, మళ్లీ గుడిలేని ఊళ్లు. 1860లో మిన్నెసోటా సినడ్ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే.

ఆయన అక్కడ ఉండగా ఇక్కడ, అంటే తెలుగు నేల మీద, పరిస్థితి దిగజారింది. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. ఉత్తరాది, దక్షిణాది లూథరన్లు విడిపోయారు. యుద్ధం ముగిశాక ఉత్తరాదివాళ్లలోనూ విశ్వాస ప్రమాణాల విషయమై గొడవొచ్చి, 1867లో జనరల్ కౌన్సిల్ అనే వేరు కుంపటి పెట్టుకున్నారు. గుంటూరు, రాజమండ్రి మిషనులకు చేరవలసిన మనుషులూ డబ్బూ ఈ తగవుల్లో ఇంకిపోయాయి. 1866లో సామర్లకోటలో మిషనెరీ ఆడమ్ లాంగ్ మశూచితో చనిపోయాడు. రాజమండ్రి, గుంటూరుల్లో ఏళ్లతరబడి పనిచేసిన గ్రోనింగ్ జర్మనీ వెళ్లిపోయాడు. మొత్తం తెలుగు లూథరన్ పొలంలో అమెరికన్ మిషనెరీ ఒక్కడే మిగిలాడు: గుంటూరులో ఉనాంగ్‌స్ట్. రాజమండ్రి వెళ్లాలంటే ఆయన కృష్ణా దాటాలి, గోదావరీ దాటాలి. అక్కడి పనిని నడిపిస్తున్నది తెలుగు ఉపదేశకులే. తోట యోసేపు, నేలప్రోలు పౌలు పేర్లు ఇక్కడ చెప్పుకోవాలి. తరువాతి కాలంలో రాజమండ్రి మిషనులో అభిషేకం పొందిన తొలి తెలుగు పాదిరీలు వీళ్లే. అమెరికాలో పెద్దలు ఎవరికిద్దామా అని ఆలోచిస్తున్నప్పుడు ఆ గుడి తలుపులు తీసినవాళ్లు ఇలాంటివాళ్లు. హయ్యర్ కథలో వీళ్లు పక్కకు పోకూడదు.

రాజమండ్రి, సామర్లకోట స్టేషన్లను సి.ఎం.ఎస్.కు ఇచ్చేద్దామని నిర్ణయం జరిగింది. మీరు కోప్పడే ముందు ఆలోచించండి, అది పనికిమాలిన నిర్ణయం కాదు. సి.ఎం.ఎస్. వాళ్లు పక్కనే మచిలీపట్నం, ఏలూరుల్లో చక్కగా పనిచేస్తున్నారు. నోబుల్ పెట్టిన బడి పేరు అప్పటికే నలుమూలలా పాకింది. అదే క్రీస్తు, అదే సువార్త. చూసుకోలేనివాళ్ల చేతిలో ఎండిపోవడం కంటే చూసుకోగలవాళ్ల చేతిలో ఉండటం మేలు కాదా? మన సంఘంలో బడ్జెట్ స్ప్రెడ్‌షీట్ చూసే పని నాది. 1868లో నేను ఆ బల్ల దగ్గర కూర్చొని ఉంటే ఇవ్వడానికే చెయ్యెత్తేవాణ్ణని అనిపిస్తుంది. అంకెలు అదే చెబుతున్నాయి.

హయ్యర్ ఆ సమయంలో జర్మనీలో ఉన్నాడు. అరవై ఏళ్ల కిందట వదిలొచ్చిన సొంత దేశం, ఇక అక్కడే విశ్రాంతి తీసుకోవచ్చనుకున్న వయసు. అక్కడ గ్రోనింగ్‌ను కలిశాడు. రాజమండ్రిని అప్పగించేస్తున్నారన్న సంగతి తెలిసింది. గ్రోనింగ్ దగ్గర ఇండియాకు వెళ్లడానికి తయారవుతున్న యువకులు, ష్మిట్, పౌల్సెన్ ఉన్నారు. హయ్యర్ పెట్టె సర్దుకొని అట్లాంటిక్ మళ్లీ దాటాడు.

1869 మే నెలలో పెన్సిల్వేనియాలోని రెడింగ్ పట్నంలో మినిస్టీరియం సమావేశం జరిగింది. 1841లో ఆయన్ను పంపిన సభ ఇదే. ఇరవై ఎనిమిదేళ్లలో అక్కడి ముఖాలు చాలావరకు మారిపోయి ఉంటాయి. ఆయన లేచి రాజమండ్రిని వదులుకోవద్దని వేడుకున్నాడు. యువకులు సిద్ధపడేదాకా తానే వెళ్లి పని చూసుకుంటానన్నాడు. ఎప్పటికి బయలుదేరగలరని ఎవరో అడిగితే చేతిలోని ప్రయాణపు సంచి చూపించి, ఇప్పుడే సిద్ధమన్నాడని మన సంఘాల్లో తరతరాలుగా చెప్పుకుంటారు. సభ మనసు మారింది. సి.ఎం.ఎస్.కు అప్పగింత ఆగిపోయింది. రాజమండ్రిని మినిస్టీరియం తన పూచీ మీద తీసుకుంది, తరువాత జనరల్ కౌన్సిల్ మిషనుగా అది సాగింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆయన ఆ సభలో లెక్క తప్పని వాదించలేదు. మనిషి లేడన్నది నిజమే. లేని మనిషి స్థానంలో తనను పెట్టాడు, అప్పుడు లెక్క మారింది. మనం స్టీవార్డ్‌షిప్ అనగానే కవరు, ప్లెడ్జి కార్డు, ఆన్‌లైన్ గివింగ్ గురించే మాట్లాడతాం. అవి కావాలి, వద్దనడం లేదు. తెలుగు బైబిల్లో ఉన్న మాట గృహనిర్వాహకుడు. ఇల్లు తనది కాదు, తాళంచెవులు మాత్రం తన దగ్గరున్నాయి. యజమాని వచ్చి అడిగేటప్పుడు ఎంత ఖర్చయిందని మాత్రమే అడగడు, ఇల్లేదని కూడా అడుగుతాడు. ఇలా చేస్తేనే రక్షణ అని లూథరన్లెవరూ అనరు, హయ్యరూ అనడు. కృప ఉచితంగా దొరికింది కాబట్టే ఆ వయసులో ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి, సంచి పట్టుకోగలిగాయి.

1869 ఆగస్టు చివర బయలుదేరి డిసెంబరు 1న రాజమండ్రి చేరాడు. డెబ్బై ఆరేళ్లు. పన్నెండేళ్ల తరువాత చూస్తున్న నేల. ఆయన తొలిసారి వచ్చినప్పుడు లేని కాటన్ దొర ఆనకట్ట ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా నిలబడి ఉంది, కాలువల వెంట డెల్టా పచ్చగా ఉంది. సంఘం మాత్రం చిన్నది, కాపరి లేనిది. వచ్చినవాడు కూర్చోలేదు. ఊళ్లు తిరిగాడు, ఉపదేశకులను కూర్చోబెట్టి పని చూశాడు, బాప్తిస్మాలిచ్చాడు. సాయంగా వచ్చిన బెకర్ అనే యువ మిషనెరీ 1870లో, వచ్చిన కొద్ది నెలలకే చనిపోయాడు. ముసలాయన మిగిలాడు, పడుచువాడు పోయాడు. అదే ఏడు ష్మిట్ వచ్చాడు, తరువాత పౌల్సెన్. ష్మిట్ రాజమండ్రిలో దశాబ్దాలపాటు పనిచేశాడు.

ష్మిట్ కుదురుకోగానే హయ్యర్ ఏం చేశాడో చూడండి. వెళ్లిపోయాడు. 1871లో తాళాలు అప్పగించి ఓడ ఎక్కాడు. మన ఆఫీసుల్లో ఒక ప్రాజెక్టును కాపాడినవాడు దాన్ని ఇక వదలడు, పాస్‌వర్డులన్నీ తన దగ్గరే పెట్టుకుంటాడు. సంఘాల్లో కూడా అంతే, నేను మొదలుపెట్టిన సంఘం అనే మాట ఎన్నిసార్లు వినలేదు? హయ్యర్ జీవితమంతా వరసగా పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది. సోమర్‌సెట్, పిట్స్‌బర్గ్, గుంటూరు, బాల్టిమోర్, పల్నాడు, మిన్నెసోటా, ప్రతిచోటా ఇంకొకరు మోయగలరని తెలిసిన రోజు ఆయన దాన్ని వాళ్ల చేతిలో పెట్టి వచ్చేశాడు. పట్టుకొని వదలననింది రెండేరెండు సార్లు, 1841లోనూ 1869లోనూ. రెండుసార్లూ సంఘం తన బాధ్యతను పక్కవాళ్ల మీదికి నెడుతున్నప్పుడే. అది తన సొత్తు అనుకొని పట్టుకోలేదు. సంఘం సొత్తు కాబట్టి సంఘాన్నే పట్టుకోమన్నాడు.

ఆయన సాధించినదానికి వెల కూడా ఉంది, అదీ చెప్పాలి. 1869 తరువాత గుంటూరు ఒక అమెరికన్ సభ కిందా, రాజమండ్రి ఇంకో అమెరికన్ సభ కిందా నడిచాయి. కృష్ణకు ఈవల, గోదావరికి ఆవల ఉన్న తెలుగు లూథరన్లు తమకు సంబంధంలేని అమెరికా తగవు వల్ల వేరువేరు మిషనులుగా దాదాపు యాభై ఏళ్లు ఉండిపోయారు. 1918లో ఆ అమెరికన్ సభలు మళ్లీ కలిశాయి. 1927లో రెండు మిషనులూ కలిసి ఆంధ్ర సువార్త లూథరన్ సంఘమయ్యాయి. మనలో చాలామంది బాప్తిస్మ పత్రాల మీద ఉన్నది ఆ పేరే. రాజమండ్రిలోని లూథర్‌గిరి మీద చదువుకున్న పాదిరీలు, గుంటూరు ఎ.సి. కాలేజీలో చదువుకున్న మన అమ్మానాన్నలు, ఇద్దరూ ఇప్పుడు ఒకే సంఘపు బిడ్డలుగా మాట్లాడుకుంటున్నారు. రెడింగ్ సభలో ఆ రోజు చేతులు ఇంకోలా లేచి ఉంటే ఈ లెక్క వేరుగా ఉండేది. చెడ్డగా ఉండేదని నేననను. గోదావరి ఒడ్డున ఆంగ్లికన్ సంఘం ఇంకా పెద్దదయ్యేది, అంతే. కానీ ఒక సంఘం తనకు దేవుడిచ్చిన పనిని తనే వదిలేసుకున్న జ్ఞాపకంతో బతకవలసి వచ్చేది.

అమెరికా చేరాక ఆ పెద్దాయనను ఫిలడెల్ఫియాలోని లూథరన్ సెమినరీ తన ఇంట్లో పెట్టుకుంది. చాప్లెయిన్‌గా, విద్యార్థుల ఇంటిపెద్దగా. పద్నాలుగేళ్లప్పుడు ఓడ దిగి మేనమామ ఇల్లు వెతుక్కున్న పట్నం అది. పాదిరీలు కాబోయే కుర్రవాళ్ల మధ్య, వాళ్ల భోజనం, ప్రార్థన వేళలు చూసుకుంటూ చివరి రోజులు గడిపాడు. అక్కడే 1873 నవంబరు 7న, ఎనభై ఏళ్ల వయసులో ప్రభువునందు నిద్రించాడు.

సమాధి ఫిలడెల్ఫియాలో లేదు. పడమటి పెన్సిల్వేనియాలో, పిట్స్‌బర్గ్‌కు తూర్పున సోమర్‌సెట్ కౌంటీలో ఫ్రీడెన్స్ అనే చిన్న ఊరుంది. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద ప్రయాణించే మన కుటుంబాలు దానికి కొద్ది దూరంలోనే వెళుతుంటాయి. ఆ ఊరి పేరులో ఉన్నది జర్మన్‌లో సమాధానం అనే మాట. 1839లో మేరీని పాతిపెట్టింది అక్కడే. ముప్పై నాలుగేళ్లకు ఆయనను తీసుకొచ్చి ఆమె పక్కన పెట్టారు.